యాంటీబయాటిక్ వద్దన్నందుకు ఇంట్లో శత్రువునయ్యాను

సోంపేట ప్రాంతంలోని ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినామె తన పేరు, ఊరి పేరు వెయ్యొద్దన్నారు. వయసు 26. శ్రీకాకుళంలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీతో బీఎస్సీ చేశారు. భర్త చెన్నైలో బిల్డింగు పనుల దగ్గర సూపర్‌వైజరు, రెండు మూడు నెలలకోసారి వస్తారు. ఇంట్లో అత్తగారు, మావగారు, ఈమె, మూడున్నరేళ్ల బాబు.

బాబుకి ముక్కు కారినా, ఒళ్లు వెచ్చబడినా అత్తగారు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి ఎత్తుకెళ్తారు. ఒక సూది, మూడు రోజులకు యాంటీబయాటిక్ సిరప్. ఈమె వద్దంటారు. గత వర్షాకాలంలో బాబుకి జలుబు, జ్వరం, చెవిపోటు వచ్చాయి. వైరసే, అదే తగ్గుతుందని ఈమె ఆగారు. మూడో రోజు చెవిలోంచి చీము కారింది. అత్తగారు తీసుకెళ్లి మందు వేయించారు, రెండు రోజుల్లో తగ్గింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఈమె మాటకు విలువ పోయింది. "నీ సదువుతో గుంటడి జొరం తగ్గిందేటి?" అని అత్తగారు వచ్చిన వాళ్లందరి ముందూ అంటున్నారట. చివర్లో మావగారి గురించి రెండే వాక్యాలు రాశారు. ఆయనకు క్రియాటినిన్ (కిడ్నీ ఎంత బాగా పనిచేస్తోందో రక్తపరీక్షలో చెప్పే అంకె) ఎక్కువుందని పోయినేడు తెలిసింది. మోకాళ్ల నొప్పులకు అదే ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంటున్నారు, నడుం దగ్గర తామరకు మందుల షాపు ట్యూబు నెలల తరబడి రాస్తున్నారు.

ఈమె అడిగినవి మూడు. నేను చదివింది తప్పా? ఇకమీదట నోరు మూసుకుని ఉండాలా? బాబుని తీసుకుని చెన్నై వెళ్లిపోవాలా?

అమ్మా, మీరు రెండు వాక్యాల్లో ముగించిన మీ మావగారి సంగతితోనే మొదలుపెడుతున్నాను. మీ ఇంట్లో అన్నిటికన్నా తొందర ఉన్నది దానికే.

మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఇంతమందికి ఎందుకు వస్తోందన్నదానికి ఇదీ అని ఒక్క కారణం ఇంకా తేలలేదు. ఇప్పటికే బలహీనపడిన కిడ్నీని ఇంకా పాడుచేసేవి ఏమిటో మాత్రం బాగా తెలుసు. నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. యాంటీబయాటిక్ సూదుల్లో జెంటమైసిన్, అమికాసిన్ అనేవి కిడ్నీ నాళికల కణాల్లోకి చేరి అక్కడి లైసోజోముల్లో (కణంలో చెత్తను అరిగించే సంచుల్లో) పోగుపడతాయి, ఆ కణాలను చంపుతాయి. పెద్దాసుపత్రిలో ప్రాణం మీదికి వచ్చినప్పుడు వీటిని వాడతారు, కానీ క్రియాటినిన్ చూసుకుంటూ, మోతాదు సరిచేసుకుంటూ వాడతారు. మీ మావగారికి మోకాళ్లకు ఇస్తున్న సూదిలో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకే ఆయన రిపోర్టు పట్టుకుని పలాస వెళ్లండి. అక్కడ 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మోకాళ్ల నొప్పికి ఏది వాడవచ్చో, ఏది ముట్టుకోకూడదో ఒక కాగితం మీద రాయించుకోండి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇంట్లో మాట పడ్డా సరే, వెనక్కి తగ్గకండి.

ఇక మీ మొదటి ప్రశ్న. మీరు చదివింది తప్పు కాదు. కానీ ఆ పాఠాన్ని మనందరం పరీక్ష కోసం ఎలా చదువుతామో గుర్తు చేసుకోండి. "కేంద్రకపూర్వ కణానికి, నిజకేంద్రక కణానికి గల తేడాలు రాయుము." బ్యాక్టీరియా మొదటి రకం, మన కణాలు రెండో రకం. మధ్యలో నిలువు గీత, అటూ ఇటూ పది వరుసలు. మార్కులు వస్తాయి. ఆ పట్టికలో దాదాపు ప్రతి వరుసా ఏదో ఒక మందు పనిచేసే చోటని మాత్రం ఎవరూ చెప్పరు. అలా చూస్తే మీ ఇంట్లో ఎవరు ఎక్కడ సరైనవాళ్లో మీకే తెలిసిపోతుంది.

బ్యాక్టీరియా కణం చాలా చిన్నది. మామూలుగా ఒకటి రెండు మైక్రాన్ల పొడవు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన ఎర్ర రక్తకణమే ఏడెనిమిది మైక్రాన్లు ఉంటుంది. ఆ కొంచెం చోటులో కేంద్రకం లేదు. డీఎన్‌ఏ ఉంగరంలా చుట్టుకుని, చుట్టూ పొర లేకుండా కణద్రవ్యంలోనే ఉంటుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా, గాల్జీ, లైసోజోములు ఏవీ లేవు. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు మాత్రం ఉన్నాయి, కానీ మనవాటికన్నా చిన్నవి. మనవి 80ఎస్, వాటివి 70ఎస్ (ద్రవంలో ఎంత వేగంగా అడుక్కి దిగుతాయో చెప్పే కొలత ఈ ఎస్). కణం బయట పెప్టిడోగ్లైకాన్ గోడ ఉంటుంది. మన కణాలకు గోడే లేదు.

మొదట ఆ గోడ సంగతి చూడండి. అది సిమెంటు గోడలాంటిది కాదు. మీ తీరంలో మత్స్యకారులు అల్లే వల లాంటిది. పొడుగు దారాల్ని అడ్డంగా ముడులు వేసి బిగిస్తేనే దానికి బలం. బ్యాక్టీరియా పెరుగుతున్నప్పుడు పాత ముడులు విప్పుతూ, కొత్తవి వేసుకుంటూ ఉంటుంది. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ చేసే పని ఆ కొత్త ముడులు పడకుండా ఆపడం. లోపలి నీటి ఒత్తిడికి బ్యాక్టీరియా పగిలిపోతుంది. మన కణాలకు ఆ వల లేదు కాబట్టి వాటి జోలికి మందు రాదు. ఒకే ఒంట్లో తిరుగుతూ ఒక రకం కణాన్ని చంపి, ఇంకో రకాన్ని వదిలెయ్యగలగడం ఎంత గొప్ప విషయమో ఆలోచించండి. ఆ పట్టికలో ఒక్క వరుస మీద ఆధారపడి ఎన్ని కోట్ల మంది పిల్లలు బతికారో!

రెండోది రైబోజోము. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, జెంటమైసిన్ 70ఎస్ రైబోజోమును పట్టుకుంటాయి. ఇక్కడ మన తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన ముక్క ఒకటి ఉంది. డాక్సీసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. అది 1948లో వెలుగులోకి వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధన విభాగాన్ని నడిపిస్తున్నప్పుడు, ఆయన కింద పనిచేసిన బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుగొన్నారు. డగ్గర్ వృత్తిరీత్యా వృక్షశాస్త్రవేత్త. బోటనీ చదివి ఏం లాభం అని మిమ్మల్ని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

అయితే 70ఎస్, 80ఎస్ అన్న ఈ గీత అంత నిక్కచ్చి కాదు. మన కణాల్లోని మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంది, అదీ ఉంగరం ఆకారంలోనే. సొంత రైబోజోములు ఉన్నాయి, అవి బ్యాక్టీరియా వాటిని పోలి ఉంటాయి. ఒకప్పుడు వేరే కణంలోకి చేరి అక్కడే ఉండిపోయిన బ్యాక్టీరియాయే మైటోకాండ్రియా అయిందని అమెరికా జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ 1967లో రాశారు, ఇప్పుడు శాస్త్రవేత్తలు దాన్ని ఒప్పుకున్నారు. అందుకే కొన్ని యాంటీబయాటిక్‌లు మన కణాలకూ కొంత తగులుతాయి. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఒక మార్పు ఉన్నవాళ్లకు జెంటమైసిన్ లాంటి సూదితో వినికిడి పోవచ్చు. ఆ మార్పు ఉన్నట్టు బయటికి తెలియదు. సూదిలో ఏముందో తెలియకుండా పిల్లాడికి వేయించకూడదనడానికి ఇదొక్క కారణం చాలు.

వైరస్ విషయానికొస్తే, దానికి కణమే లేదు. గోడ లేదు, రైబోజోము లేదు. మన 80ఎస్ రైబోజోములనే వాడుకుని తన ప్రోటీన్లు చేయించుకుంటుంది. కాబట్టి అమాక్సిసిలిన్‌కు తెంపడానికి వల లేదు, అజిత్రోమైసిన్‌కు పట్టుకోవడానికి 70ఎస్ లేదు. జలుబు, ఫ్లూ, డెంగీ, చికున్‌గున్యా అన్నీ వైరస్‌ల వల్ల వచ్చేవే. మరి సూది వెయ్యగానే ఎందుకు తగ్గిందంటారా? ఆ సూదిలో జ్వరం దించే మందు ఉండి ఉండవచ్చు. పైగా జలుబు జ్వరం చాలాసార్లు మూడు నాలుగు రోజుల్లో దానంతటదే పోతుంది. పేరు మాత్రం యాంటీబయాటిక్‌కి వస్తుంది.

బాబు చెవి సంగతి వేరు. పిల్లల్లో జలుబు చేసినప్పుడు ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టం వాచి మూసుకుపోతుంది. నడిచెవిలో నీరు నిలుస్తుంది. అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది. చీము కారిందంటే చాలావరకు బ్యాక్టీరియా చేరినట్టే. అంటే మొదటి రోజు మీరు చెప్పింది నిజం, మూడో రోజు మీ అత్తగారు చేసింది సరైనది. జబ్బు మధ్యలో మారింది, మీ అభిప్రాయం మారలేదు. మీ చదువుని మీరు తీర్పులా వాడారు. దాన్ని ప్రశ్నలా వాడాల్సింది. "యాంటీబయాటిక్ మంచిదా, చెడ్డదా" అన్నది అసలు ప్రశ్న కాదు. "ఇప్పుడు ఈ ఒంట్లో ఉన్నది ఏ రకం కణం, లేక కణమే లేని వైరసా" అన్నదే ప్రశ్న. దానికి ఇంట్లో కూర్చుని జవాబు చెప్పడం మీకే కాదు, డాక్టరుకైనా కష్టమే. ముక్కు నుంచి పచ్చగా చీమిడి వచ్చినంత మాత్రాన బ్యాక్టీరియా అని కూడా చెప్పలేం.

మన ప్రాంతంలో ఈ ప్రశ్న ఎంత అవసరమో స్క్రబ్ టైఫస్‌తో తెలుస్తుంది. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన చోట చాలామందికి నల్లటి పెచ్చు కడుతుంది. దీనికి కారణం బ్యాక్టీరియాయే, కానీ దాని గోడ నామమాత్రం, పైగా అది మన కణాల లోపల దూరి బతుకుతుంది. అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ ఎన్ని వేసినా ఉపయోగం ఉండదు. డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ వేళకు పడితే బాగవుతుంది, ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు. అక్కడ "వైరసే, తగ్గిపోతుంది" అన్నవాళ్లూ నష్టపోతారు, "ఏదో ఒక యాంటీబయాటిక్ వేసెయ్" అన్నవాళ్లూ నష్టపోతారు. ఏజెన్సీ వైపు వచ్చే మలేరియాది ఇంకో దారి. ఆ పరాన్నజీవికి కేంద్రకం ఉంది, అది నిజకేంద్రక కణం. దానికి మందులే వేరు. జ్వరం మూడో రోజూ దిగకపోతే రక్తపరీక్ష చెయ్యాలని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ప్రతిసారీ వద్దని గొడవపడటం ఒకటి. ఇప్పటిదాకా చేసింది అదే. ఇలాగే సాగితే మీరు బట్టలు ఉతకడానికి వెళ్లినప్పుడు అత్తగారు బాబుని తీసుకెళ్లి మందు వేయించుకొస్తారు, మీకు చెప్పరు. ఏ మందు ఎంత పడిందో తెలియని పరిస్థితి మందు వెయ్యడం కన్నా ప్రమాదం. మీరు ఎంత న్యాయం మాట్లాడినా ఈ దారిలో ఓడిపోయేది బాబే.

నోరు మూసుకోవడం రెండోది. ఇంట్లో శాంతి ఉంటుంది, ఒప్పుకుంటాను. బాబు కూడా చాలాసార్లు బాగానే ఉంటాడు. కానీ అక్కర్లేని ప్రతి కోర్సులోనూ వాడి ఒంట్లో ఉన్న మంచి బ్యాక్టీరియా చస్తుంది, మందుని తట్టుకున్నవి మిగులుతాయి. బ్యాక్టీరియాలో పెద్ద డీఎన్‌ఏ ఉంగరంతో పాటు ప్లాస్మిడ్లని చిన్న ఉంగరాలు ఉంటాయని చదివారు కదా. మందుని తట్టుకునే జన్యువులు తరచుగా వాటి మీదే ఉంటాయి. ఒక బ్యాక్టీరియా వాటిని పక్కదానికి ఇచ్చేస్తుంది, అది వేరే జాతిదైనా సరే. రేపు నిజంగా నిమోనియా వచ్చిన రోజు మందు పనిచెయ్యకపోతే? దుకాణంలో కొనుక్కుని చాలీచాలకుండా వాడితే ఇలా అవుతుందని పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగే 1945లో నోబెల్ ప్రసంగంలో హెచ్చరించారు. ఇక మావగారి విషయంలో మీరు మౌనంగా ఉండటం అసలు కుదరదు.

మూడోది నాకు నచ్చిన దారి, కానీ దీనికీ ఖర్చు ఉంది. బాబు బాగున్న రోజు, ఇంట్లో అందరూ నెమ్మదిగా ఉన్న వేళ, అత్తగారితో ఒక ఒప్పందానికి రండి. ముందుగా "ఆ రోజు చెవికి మందు వేయించి మంచి పని చేశావత్తా" అని నోరారా అనండి. అది నిజం కాబట్టే అనమంటున్నాను. ఆ తర్వాత అడగండి: జ్వరం వస్తే మొదట జ్వరం మందు, బరువుకి తగ్గట్టు డాక్టరు చెప్పినంతే. నీళ్లు, గంజి, మజ్జిగ. బాబు ఆయాసపడుతున్నా, తాగలేకపోతున్నా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి, అవసరమైతే 108కి ఫోన్. చెవిలో చీము కారినా ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఇవేవీ లేకపోయినా మూడో రోజుకి జ్వరం దిగకపోతే ఇద్దరూ కలిసి పీహెచ్‌సీకి. ఆవిడ ఆర్‌ఎంపీని వదులుకుంటారు, మీరు "వద్దు" అన్న మాటను వదులుకుంటారు. ఖర్చేమిటంటే, బస్సు, ఒక పూట పని, అక్కడ క్యూ. ఒక్కోసారి అక్కడి డాక్టరూ యాంటీబయాటిక్ రాస్తారు. అప్పుడు మీరు ఆయన చెప్పినన్ని రోజులూ పూర్తిగా వెయ్యాలి, మధ్యలో ఆపి మిగిలింది దాచకూడదు. ఆవిడ ఒప్పుకోకపోతే కనీసం ఒక్కటి గట్టిగా అడగండి. ఏ మందు ఇచ్చినా దాని పేరు కాగితం మీద రాసివ్వాలి, పేరు చెప్పని సూది బాబుకి వద్దు. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు అని అర్థం. చదువు రాకపోయినా ఆ గీత ఎవరికైనా కనిపిస్తుంది. అత్తగారికి ఒకసారి చూపించండి.

మైక్రాన్లు, రైబోజోములు ఆవిడకి చెప్పక్కర్లేదు. కానీ అన్ని పురుగులూ ఒకటి కాదన్న సంగతి ఆవిడకి మీకన్నా బాగా తెలుసు. పాలు తోడుకున్నా, తరవాణి కుండ పులిసినా ఆ పని చేసేది బ్యాక్టీరియాయే. "ఆ మందు కడుపులో ఉన్న మంచివాటినీ చంపేస్తుందత్తా, అందుకే సిరప్ వేసినప్పుడల్లా వీడికి విరేచనాలు" అంటే ఆవిడ వింటారు. బాబుకి నిజంగా అలా అవుతుంటేనే అనండి.

చెన్నై గురించి నాది ఒకటే మాట. సిరప్ గొడవ కోసం వెళ్లకండి, మందుల షాపులు అక్కడా ఉన్నాయి. వెళితే కోపంతో వెళ్లినట్టే ఉంటుంది, మావగారి రిపోర్టు చూసేవాళ్లు ఇంట్లో మిగలరు. భర్తతో కలిసి ఉండాలని ఉంటే అది వేరే, పూర్తిగా న్యాయమైన కోరిక. దాన్ని దానిగానే ఆయనతో మాట్లాడండి. ఈలోగా ఫోన్లో అత్తగారి మీద ఫిర్యాదులు కాకుండా మావగారి క్రియాటినిన్ కాగితం ఫొటో పంపండి. తండ్రి విషయం కాబట్టి ఆయన తల్లితో ఆయనే మాట్లాడతారు. ఆ మాట మీరు చెప్పేదానికన్నా బాగా పనిచేస్తుంది.

చివరగా తామర. మీరు దీన్ని చిన్న విషయంగా రాశారు. ఇంట్లో మీ మాటకు మళ్లీ విలువ వచ్చే అవకాశం నాకు ఇక్కడే కనిపిస్తోంది, ఎందుకంటే ఫలితం అందరికీ కంటికి కనబడుతుంది. తామర తెచ్చేది ఫంగస్. అది మనలాగే నిజకేంద్రక జీవి. కేంద్రకం ఉంది, మైటోకాండ్రియా ఉంది, 80ఎస్ రైబోజోము ఉంది. అంటే మందుకి పట్టు దొరికే తేడాలు చాలా తక్కువ. దాని పైపొరలో మనకున్న కొలెస్టరాల్ బదులు ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఫంగస్ మందులు చాలావరకు దాని మీదే పనిచేస్తాయి, నెమ్మదిగా, వారాల తరబడి. బ్యాక్టీరియా మందు దీనికి తగలదు. షాపుల్లో అడగ్గానే ఇచ్చే చాలా ట్యూబుల్లో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రాయగానే దురద ఆగుతుంది, చర్మానికున్న రక్షణ తగ్గి ఫంగస్ పక్కకి పాకుతుంది, మానేస్తే మళ్లీ రేగుతుంది. మావగారికి నెలల తరబడి తగ్గకపోవడానికి అదే కారణం కావచ్చు. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ అన్న పేర్లు ఉన్నాయేమో చదవండి. ఉంటే ఆ ట్యూబు తీసుకునే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ని ఎలా ఆపాలో ఆయనే చెబుతారు. పంచె, తువ్వాలు వేరుగా ఉతికి ఎండలో బాగా ఆరెయ్యండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి మందు వాడాలి. మచ్చ పోయినట్టు కనిపించినా డాక్టరు చెప్పిన రోజుల దాకా రాయాలి. నోటి ద్వారా వేసుకునే మాత్రలు రాస్తే మాత్రం, రాయకముందే మావగారి కిడ్నీ రిపోర్టు ఆ డాక్టరు చేతిలో పెట్టండి.